మూణ్ణెల్ల పరీక్ష

ఆయన ఒక్కసారిగా చావలేదు. వాయిదాల పద్ధతిలో చచ్చారు. ముందు కుడికాలి బొటనవేలు పోయింది. వేలి వెనక పాదం, పాదం వెనక పిక్క, అలా మోకాలి కిందిదాకా వెళ్లిపోయాయి. మిగిలిన శాల్తీ మూడేళ్లు ఆలోచించుకుని, పోయిన మంగళవారం పొద్దున వాటి దారి పట్టింది. పాడె ఎత్తిన నలుగురిలో ఆయన కుడికాలి వైపున్నవాడు, "గీ పక్క అల్కగుందేందిరా?" అని ఆశ్చర్యపోయాడు. ఆ తగ్గిన బరువు ఎక్కడుందో తెలిసినవాణ్ణి ఆ గుంపులో నేనొక్కణ్ణే. దాన్ని పాతిపెట్టింది నేనే గనక.

పోయినవాళ్లను చెడ్డగా చెప్పుకోకూడదంటారు పెద్దలు. బతికుండగా ఆయన్ని చెడ్డగా చెప్పుకునే గుండె పాలమూరు జిల్లాలో ఎవరికీ లేదు. పోయాక కూడా వద్దంటే ఇంకెప్పుడు చెప్పుకోవాలి?

ఆయన మా లెక్కల సారు. జడ్చర్ల పక్కన మా హైస్కూల్లో నేను పదో తరగతి చదివేనాటికే ఆయన పేరు చెబితే పిల్లలకు జ్వరం వచ్చేది, జ్వరం ఉన్నవాళ్లకు తగ్గేది. ఆయనకు వీపు మీద కూడా కళ్లుండేవి. ముఖాన ఉన్న రెండూ ఊరికే అందానికి పెట్టుకున్నవి. చొక్కా ఎడమ జేబులో సుద్దముక్క, కుడి జేబులో బెల్లం ముక్క. సుద్ద అరిగే లోపల బెల్లం రెండుసార్లు అయిపోయేది. కోపంలో ఒకోసారి జేబులు తారుమారై బోర్డు మీద బెల్లంతోనే రాసేసేవారు. మా బళ్లో బీజగణితం ఆమూలాగ్రం నేర్చుకున్నవి చీమలొక్కటే.

చెప్పి పెట్టే పరీక్షలంటే ఆయనకు రోత. "చెప్పి పెట్టిన పరీక్షల దొంగ గూడ దొరబిడ్డె అయితడు" అనేవారు. మేము నిద్రమత్తులో ఉన్న ఏ మధ్యాహ్నమో తలుపు గడియ పెట్టి, చింతబరిగె బల్ల మీద పెట్టి, "మూణ్ణెల్ల సంది నేను జెప్పిందంత తియ్యుండ్రి. రాత్రి ఏం సదివినవో నాకక్కెర లేదు. మూణ్ణెల్లు ఏం జేసినవో గది జెప్పు" అనేవారు. దాన్ని మేము మూణ్ణెల్ల పరీక్ష అనుకునేవాళ్లం. మేము చెప్పగలిగింది మూణ్ణెల్లూ ఏం తిన్నామో ఒక్కటే.

పెద్ద పరీక్షల్లో చిట్టీలు పట్టడంలో ఆయన్ని మించినవాడు ఈ జిల్లాలో పుట్టలేదు. చేతికి కట్టు కట్టుకొచ్చినవాడి కట్టు విప్పిస్తే పుండు లేదు, సిద్ధాంతాలన్నీ నిరూపణలతో సహా ఉన్నాయి. ఇంకొకడు భయంతో చిట్టీ మింగేశాడు. సారు కంగారు పడలేదు. "ఫికర్ లేదురా. రేపు పొద్దుగాల బయటికొస్తది. నేనీడ్నే కూసుంట" అని కుర్చీ తెప్పించుకున్నారు.

ఇక నా సంగతి. నేను చెప్పు అట్ట పై పొర లేపి, దాని కింద చిట్టీ పెట్టి, మళ్లీ అతికించుకున్నాను. ఈ ఉపాయానికి పట్టిన తెలివి లెక్కల మీద పెడితే జిల్లా ఫస్టు వచ్చేవాణ్ణి. ఆయన నా పక్కగా నడుస్తూ నడుస్తూ ఆగారు.

"ఏంరా, అందరు చెప్పులు తలుపుకాడ ఇడిసిండ్రు. నువ్వు మాత్రం బల్లకింద బిడ్డలెక్క పండవెట్టుకున్నవ్. చెప్పుకు గంత మర్యాద జేసేటోణ్ణి పాలమూర్ల నిన్నొక్కన్నే సూస్తున్న."

చిట్టీ బయటికొచ్చింది. ఆ గదిలో కాపలా ఉన్న హిందీ పంతులు మెత్తని మనిషి. ఆయన నన్ను ముందే చూశాడు, పాపం పిల్లగాడు అని కిటికీ వైపు తిరిగాడు. సారు ముందు ఆయన పని పట్టారు, మా అందరి ఎదుట. "కాపీ కొట్టినోడు సగం దొంగ పంతులూ. సూసి ఊకున్నోడు నిండు దొంగ." తరవాత నన్ను వరండాలోకి తీసుకెళ్లి వెనక్కి తిప్పి, కుడికాలితో ఒక్క తన్ను తన్నారు. నేను జడ్చర్లలో లేచి మహబూబ్‌నగర్‌లో పడ్డాననీ, అందుకే నాకు అక్కడ ఉద్యోగం దొరికిందనీ మా మిత్రులంటారు. నాకు ఏడాది పోయింది. కిరాణా దుకాణంలో తూకం వేస్తూ, వచ్చిన ప్రతివాడికీ "మావోడు ఇంజనీరైతడు" అని చెప్పుకున్న మా బాపు, ఆ ఏడాది అంతా నా ముఖం చూడకుండా తూకం వేశాడు. ఇంజనీరు కావలసిన నేను చివరికి మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టరు సాబ్ దవాఖాన వెనక గదిలో, జనం మూత్రం కాగబెట్టే ఉద్యోగంలో స్థిరపడ్డాను.

అప్పట్లో షక్కర్ పరీక్షంటే పెద్ద యంత్రాలేమీ లేవు. గాజుగొట్టంలో నీలం మందు, అందులో ఎనిమిది చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. మరిగాక నీలంగానే ఉంటే మంచిది. ముదిరేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ. అన్నిటికన్నా చెడ్డది ఇటుకరంగు. తొంభై దాటిన కొత్తలో, నౌకరీ అయిపోయి మహబూబ్‌నగర్‌లోనే ఇల్లు కట్టుకున్న సారు ఒకరోజు చేతిలో సీసాతో నా గదిలోకి వచ్చారు.

నన్ను చూడగానే గుర్తుపట్టారు. "నువ్వు గా చెప్పుల చిట్టీగానివి గదరా?"

"అవును సార్."

"ఏం జేస్తున్నవ్ ఇప్పుడు?"

"మీ మూత్రం కాగవెట్టబోతున్న సార్."

ఇటుకరంగు వచ్చింది. మామూలు ఇటుక కాదు. ఆ గొట్టంలోది ఒలకబోసి ఆరబెడితే రెండు గదులు, ఒక వరండా లేచేవి. సారు ఆ గొట్టాన్ని మార్కుల కాగితం చూసినట్టు చూశారు. ఇరవై ఏళ్లుగా మేము ఆయన ముందు పెట్టిన ముఖం, మొదటిసారి ఆయన మా ముందు పెట్టారు. నాకు ఆ రాత్రి అన్నం రుచిగా ఉంది.

డాక్టరు సాబ్ గోలీలు రాశారు, పరహేజ్ చెప్పారు. తీపి బందు, అన్నం సగం, మూణ్ణెల్లకోసారి వచ్చి పరీక్ష చేయించుకోవాలి, ఫలానా తారీఖున రావాలి అని చీటీ రాసిచ్చారు.

రెండోసారి వచ్చినప్పుడు గొట్టం నీలం. రక్తంలో షక్కర్ కూడా బుద్ధిగా కూర్చుంది. డాక్టరు సాబ్ లేచి నిలబడి "షాబాష్ మాస్టర్ సాబ్!" అన్నారు. సారు గర్వంగా బయటికి నడిచారు. నా గది కిటికీలోంచి ఎదురుగా మిఠాయి దుకాణం కనిపిస్తుంది. ఆయన దవాఖాన మెట్లు దిగి, రోడ్డు దాటి, అటూ ఇటూ చూసి, పావుకిలో జిలేబీ తీసుకున్నారు. మొదటి చుట్ట దేవుడికి చూపించి, ఆ చుట్టతో సహా అన్నీ తనే తిన్నారు. పొట్లం కాగితం నాకలేదని నేను ప్రమాణం చేసి చెప్పలేను.

మళ్లీ మూణ్ణెల్లకు వచ్చినప్పుడు రహస్యం అడిగాను. చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు.

"పరీక్షకు మూడు దినాల ముందుగాల దోసకాయలు, సల్ల, కాకరకాయ రసం. పొద్దుమాపు నడుసుడు. గోలీలు గూడ గప్పుడే. నాలుగో దినం నీ కాడికొస్త. నీలం!"

"మరి మిగిలిన దినాలు సార్?"

"పరీక్ష పాసయినంక సెలవులుంటయి గదరా!" అని నవ్వారు. మళ్లీ నాకేదో అనుమానం వచ్చిందనుకున్నారేమో, "ఇది సదువు గాదు, రోగం. రోగాన్ని మోసం జేస్తె పాపం లేదు" అని సర్దిచెప్పారు.

చెప్పు అట్ట కింద ఒక్క చిట్టీ పెట్టినందుకు నన్ను ఎగరదన్నిన మనిషి, ఒళ్లంతా చిట్టీ చేసుకుని నా ముందు కూర్చున్నాడు. పట్టుకోవలసినవాణ్ణి నేను. అంత తియ్యటి సంగతి ఎవరైనా ఒక్కరోజులో తినేస్తారా? దాచుకున్నాను. నాలుగేళ్లు, మూణ్ణెల్లకోసారి, కొంచెం కొంచెం చప్పరించాను.

మధ్యలో ఒకసారి డాక్టరు సాబ్ నన్ను పిలిచి సూటిగానే అడిగారు. "ఏమయ్యా, మీ మాస్టర్ సాబ్ పరహేజ్ మంచిగ జేస్తుండా?"

"మస్తు జేస్తుండు సాబ్" అన్నాను.

ఆ ఒక్క మాట దగ్గర నేను నవ్వించడం ఆపి పక్కకు తప్పుకోవాలి. కానీ అప్పుడు నవ్వుకున్నాను గనక అలాగే రాస్తున్నాను.

నవ్వుకోవడానికి ఇంకా చాలా ఉండేవి. జన్మలో సినిమా చూడని మనిషి, నడుస్తూ నడుస్తూ గోడల మీద సినిమా పోస్టర్ల ముందు ఆగి చదవడం మొదలుపెట్టారు. ముందు ఫర్లాంగుకొక పోస్టరు. తరవాత ప్రతి పోస్టరూ. చివరికి పోస్టరు లేని గోడల ముందు కూడా ఆగి చదివేవారు. ముసలితనంలో సారుకు హీరోయిన్ల మీద మనసు పోయిందని ఊరంతా చెప్పాను నేను. అసలు సంగతి, పిక్క పట్టేసి నాలుగు అడుగులు కూడా వేయలేకపోయేవారు, ఆగితే సర్దుకునేది. కాలికి రక్తం చాలడం లేదు. దవాఖానలో పనిచేసేవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. పోస్టర్ల కథ ఎక్కువ బాగుంది, అంతే.

ఇంకోసారి ఒక్క చెప్పుతో వచ్చారు. కుడి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది. అరమైలు బండరాళ్ల మీద, ఎండాకాలంలో ఉత్తకాలితో నడిచారు. ఆయనకు తెలియలేదు. "సార్, చెప్పు ఏది?" అంటే కిందికి చూసుకుని, ఎవరిదో కాలు చూసినట్టు చూశారు. చెప్పు మీద ఆయనకు పాత పగ ఉందని నేనొక మాట అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

ఆ కాలికే ఒకనాడు తుమ్మముల్లు దిగింది. వారం రోజులు ముల్లును వెంటేసుకుని తిరిగారు, మిఠాయి దుకాణానికి కూడా. బొటనవేలు నల్లబడితే వచ్చారు. అలవాటు ప్రకారం మూడు రోజులు దోసకాయలు తిని మరీ వచ్చారు. గొట్టం నీలం. రక్తం బంగారం.

డాక్టరు సాబ్ కిందికి వంగి ఆయన పాదం మీద రెండు వేళ్లు పెట్టారు. జరిపారు. మళ్లీ జరిపారు. పోయిన ఉంగరం కోసం గడ్డిలో వెతికినట్టు ఆ పాదమంతా వెతికారు.

"నాడి లేదు" అన్నారు. "మాస్టర్ సాబ్, మీ షక్కర్ ఇయ్యాల మంచిగుంది. నాలుగేండ్ల సంది మంచిగుంది. మరి గీ కాలుకేమైంది?"

సారు పోస్టరు లేని గోడ వైపు చూశారు.

అప్పుడే హైదరాబాద్‌లో ఒక కొత్త పరీక్ష వచ్చిందని డాక్టరు సాబ్ చదివారు. రక్తం తీసి, మంచు నింపిన ఫ్లాస్కులో పెట్టి, బస్సులో పంపాను. నాలుగో రోజు కాగితం వచ్చింది. ఆ రోజు గదిలో మేము ముగ్గురమే ఉన్నాం.

"పదమూడు" అన్నారు డాక్టరు సాబ్.

"ఎంతకు?" అన్నారు సారు. పాత అలవాటు.

"ఆరు లోపల ఉండాలె."

"ఎక్కువొస్తె గూడ ఫేలేనా సాబ్?"

"దీన్ల గట్లనే." డాక్టరు సాబ్ ఆయన ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "సూడుండ్రి. జిలేబీ తింటె పాకం వేళ్లకంటుకుంటది గద? గట్లనే షక్కర్ రక్తంల ఎర్ర కణాలకంటుకుంటది. కడిగితె పోదు. గా కణం బతికినన్నాళ్లు ఉంటది. మూడు దినాలు మీరు ఏం తిన్నరో దీన్కి అక్కెర లేదు మాస్టర్ సాబ్. మూణ్ణెల్లు ఏం జేసిండ్రో గదే అడుగుతది."

సారు తల వంచుకున్నారు. ఆ ప్రశ్న ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు.

"రక్తనాళాలు మన మున్సిపాలిటీ నల్లా పైపుల లెక్క" అని డాక్టరు సాబ్ మెల్లగా చెప్పుకుపోయారు. "ఏండ్లకేండ్లు పాకం పారితె లోపలంత గట్టిపడి పేరుకపోతది. పైకి పైపుంటది, నీళ్లు రావు. మీ కాలుకు నల్లా బందయింది. తీసెయ్యాలె. ముందుగాల్నే తెలిస్తె..." అని ఆగి, ఎందుకో నా వైపు చూశారు.

సారు కూడా చూశారు. ఇరవై ఏళ్ల కిందట బల్ల కింద చెప్పును చూసిన చూపు.

"నీకు తెలుసు గదరా?"

"తెలుసు సార్."

"నాలుగేండ్ల సంది?"

"నాలుగేండ్ల సంది."

"కాపీ కొట్టినోడు..." అని మొదలుపెట్టి, మానేశారు. మిగతాది నాకు కంఠస్థమేనని ఆయనకు తెలుసు.

కాలు పెద్ద దవాఖానలో తీశారు. సారుకు పిల్లలు లేరు. సారమ్మ, అంటే ఆయన భార్య, వరండాలో నా చేయి పట్టుకుంది. "బిడ్డా, గా కాలును కుక్కలపాలు జెయ్యద్దు. మంచిగ మట్టిచెయ్యి. సారుకు నీ మీద శాన నమ్మకం." ఆ నమ్మకం వయసెంతో ఆమెకు తెలియదు.

గుడ్డలో చుట్టి ఇచ్చారు. గోనెసంచిలో పెట్టి సైకిల్ క్యారియర్‌కు కట్టుకున్నాను. సారు నా వెనక కూర్చుని, నా తప్పొక్కటి కూడా దిద్దకుండా ప్రయాణం చేయడం అదే మొదలు. దారిలో తెలిసినవాడొకడు సంచి చూసి, కూరకు మేక కాళ్లు తెస్తున్నాననుకుని, "ఏందన్నా, పాయానా? దావత్ ఉన్నదా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పకపోతే పిలవలేదని అలిగాడు.

బొందలగడ్డలో, అంటే శ్మశానంలో, గుంతలు తవ్వే ముసలాయన సంచి విప్పి చూసి తాపీగా బీడీ అంటించాడు.

"ఎవరు సచ్చిండ్రు?"

"ఎవ్వరు సావలే. కాలొక్కటే."

"మనిషైతె తలకాయ దక్షిణం దిక్కు పెడ్తం. కాలుకు ఏ దిక్కు?"

ఇద్దరం కాసేపు ఆలోచించాం. శాస్త్రంలో లేదు. చివరికి వేళ్లు ఊరి వైపు ఉండేటట్టు పెడదామన్నాడు, బుద్ధి పుడితే నడిచి పోవడానికి.

"మిగిలినాయన ఎప్పుడొస్తడు?" అన్నాడు పార అందుకుంటూ. "పక్కపొంటి జాగా ఉంచుత."

అతను నీళ్ల కోసం అవతలికి వెళ్లాడు. గుంత పక్కన నేను, ఆ కాలు. అటూ ఇటూ చూశాను. జిలేబీ దుకాణం ముందు సారు చూసినట్టే చూశాను. ఎవరూ లేరు. గుడ్డ మీదుగానే ఒక్క తన్ను తన్నాను. ఇరవై ఏళ్లు దాచుకున్న తన్ను. అది ఏమీ అనలేదు. పక్కకు దొర్లి, బుద్ధిమంతుడైన పిల్లాడిలా పడుకుంది. వారం రోజులు ముల్లు తెలియని కాలికి నా తన్నేం తెలుస్తుంది?

రెండు రోజుల తరవాత చూడబోయాను. మంచం మీద దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. సారు కళ్లు మూసుకునే అడిగారు.

"మంచిగ పెట్టినవా?"

"పెట్టిన సార్. నడుంలోతు."

"మొన్న పన్నెండు గంటలకు కాలు సుర్రుమన్నదిరా."

"ఎడమ కాలా సార్?"

"కాదు. కుడిది. లేనిది." కళ్లు తెరిచారు. "ఉన్నన్నాళ్లు మొద్దులెక్క పడి ఉన్నది. తీసేసినంక అగ్గి మండుతున్నది. డాక్టరును అడిగితె, కాలు పోయినట్టు నరాలకు ఇంక తెల్వక గట్లనే అనిపిస్తదన్నడు. నాకేమో ఎవరో తన్నినట్లే ఉండె. నువ్వేనా?"

మొన్న పన్నెండు గంటలకు నేనెక్కడున్నానో నాకు తెలుసు. అబద్ధం నోటిదాకా వచ్చింది. చెప్పు అట్ట కూడా లేపి చూసేవాడి ముందు ఏం చెబుతాం?

"నేనే సార్. ఒక్కటే."

సారు మీసం కింద ఏదో కదిలింది. నవ్వో, నొప్పో.

"చిట్టీ పెట్టుడు రాలే, తన్నుడు రాలే" అన్నారు. "అది బతికున్నప్పుడే తన్ని, 'జిలేబీ పారెయ్ సార్' అంటె, కాలుంటుండె గదరా."

ఇంత రాసినా, ఆ మాటను పెంచి చెప్పడానికి నాకు చేతకాలేదు. ఉన్నది ఉన్నట్టే పెట్టాను.

ఆ తరవాత మూడేళ్లు సారు ఒక్క చుట్ట జిలేబీ ముట్టలేదు. మూణ్ణెల్లకోసారి చంకలో కర్రతో వచ్చి, "మూణ్ణెల్లది తియ్యి" అని చేయి చాపేవారు. పదమూడు తొమ్మిదయింది, తొమ్మిది ఏడయింది. డాక్టరు సాబ్ మెచ్చుకుంటూనే తల అడ్డంగా ఆడించేవారు. కొత్త పరీక్ష పాసయినంత మాత్రాన పాత మార్కుల మెమో మారదట. గుండెకు పోయే పైపుల్లో అప్పటికే పేరుకున్నది పేరుకున్నట్టే ఉంది. ఏడు వచ్చిన కాగితం నా బల్ల మీద ఉండగానే, పోయిన మంగళవారం పొద్దున ఆ నల్లా కూడా బందయింది.

బొందలగడ్డ దగ్గర పాడె దించుతుంటే ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. "మిగిలినాయన వచ్చిండా?" అన్నాడు, మూడేళ్లుగా బస్సు కోసం చూసినవాడిలా.

"వచ్చిండు."

సారమ్మ నా భుజం తట్టింది. "బిడ్డా, కాలు గూడ ఆయన పక్కకే పెట్టియ్యి. సారు నిండుగ పోవాలె."

చోటు చూపించాను. ముసలాయన తవ్వితే ఎముక బయటికొచ్చింది, తెల్లగా, శుభ్రంగా, ఒక్క తియ్యటి మరక కూడా లేకుండా. చుట్టూ ఉన్నవాళ్లు వెనక్కి తగ్గారు. సారును గుంతలో పడుకోబెట్టాక నేనే అందులోకి దిగి, ఆయన కుడి మోకాలి కింద, ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టాను. పెట్టాక పైకెక్కాలంటే ఆయన వైపు వీపు పెట్టి తిరగాలి.

తిరగలేదు. ఆ కాలికి వీపు చూపించే ధైర్యం చాలక, ఆయన ముఖం చూస్తూనే, వెనక్కి వెనక్కి జరుగుతూ గుంత ఎక్కాను.